నాన్నకి 46 ఏళ్ళకే స్టెంట్ వేశారు, నాకిప్పుడు 29: రక్తనాళాల జబ్బు ముందుగా ఎలా తెలుస్తుంది?

మీరు రాసినవాటిలో ముఖ్యమైనవి ముందు ఒకచోట పెడతాను. మీకు 29 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నగారికి 46 ఏళ్ళకి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. పెదనాన్నగారు యాభై దాటకుండానే నిద్రలో పోయారు. మీరు వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తారు, టీ టైములో రోజుకి రెండు మూడు సిగరెట్లు కాలుస్తారు. కంపెనీ హెల్త్ చెకప్‌లో ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి తీసే ఈసీజీ) నార్మల్ వచ్చాయి. తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు, వాడికి 25. "రక్తనాళాలు పాడవడం మొదలైతే ముందుగా తెలిసే లక్షణాలు ఏమిటి? ఏది కనిపిస్తే పరిగెత్తాలి?" అని అడిగారు.

నేను కోస్తా జిల్లాల్లో ఇరవై రెండేళ్ళుగా గుండె డాక్టరుగా పనిచేస్తున్నాను. సూటిగా చెప్తాను. మీ వయసులో ఈ జబ్బు మొదలైతే ఒంటికి తెలిసేది దాదాపుగా ఏమీ ఉండదు. ఛాతీ పట్టేయడం, మెట్లెక్కితే ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం, ఇవన్నీ జబ్బు చాలా దూరం నడిచాక వచ్చేవి. తొలి గుర్తులు వేరేచోట ఉంటాయి: మీ ఇంటివాళ్ళ చరిత్రలో, రక్తపరీక్ష కాగితం మీద, మడమ వెనక, కనురెప్పల మీద, ఒక్కోసారి పడకగదిలో.

ఎందుకు తెలియదో ముందు చెప్పాలి, లేకపోతే మీ టీఎంటీ రిపోర్టు మీద మీకున్న ధీమా పోదు.

చాలామంది గుండె రక్తనాళాన్ని బోరు నీళ్ళ పైపులా ఊహించుకుంటారు. ఉప్పు పేరుకుని పైపు సన్నబడినట్టు కొలెస్ట్రాల్ పేరుకుని దారి మూసుకుపోతుందనుకుంటారు. కొవ్వు చేరేది దారిలో కాదు, గోడలో. చెమ్మ పట్టిన గోడకి లోపలినుంచి సున్నం ఉబ్బుతుందే, అలాగన్నమాట. పైగా ఇది ప్రాణమున్న గోడ. ఉబ్బు పెరిగేకొద్దీ నాళం బయటి వైపుకి సాగి, లోపలి దారిని మాత్రం ఉన్నంత వెడల్పుగానే కాపాడుకుంటుంది. అమెరికాలో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు 1987లో ఇది చూపించారు. ఉబ్బు నాళంలో 40 శాతం చోటు ఆక్రమించేదాకా లోపలి దారి పెద్దగా తగ్గదని వాళ్ళ లెక్క.

టీఎంటీకి తెలిసేది దారి తగ్గడం ఒక్కటే. అదీ దాదాపు 70 శాతం మూసుకుంటేనే, పరిగెత్తేటప్పుడు గుండె కండరానికి రక్తం చాలక ఈసీజీలో గీత మారుతుంది. 30, 40 శాతం ఉబ్బు ఉన్న కుర్రాడు ట్రెడ్‌మిల్ మీద హాయిగా పరిగెత్తి దిగుతాడు. కానీ కుర్రాళ్ళకి వచ్చే గుండెపోట్లలో చాలావరకు ఇలాంటి ఓ మోస్తరు ఉబ్బు పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చేవే. "మొన్ననే టీఎంటీ చేయించాడండీ, నార్మల్ అన్నారు" అని క్యాజువాలిటీ బయట తల పట్టుకున్న తండ్రులని ఎంతోమందిని చూశాను. ఆ రిపోర్టులో తప్పేం లేదు. దాన్ని అడిగిన ప్రశ్నే వేరు.

ఇక ఈ ఉబ్బు ఎప్పుడు మొదలవుతుంది? కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని పరిశీలించి 1953లో వివరాలు ప్రచురించారు. వాళ్ళ సగటు వయసు 22. ఆరోగ్య పరీక్షలు దాటి సైన్యంలో చేరిన కుర్రాళ్ళు. వాళ్ళలో 77 శాతం మందికి గుండె నాళాల్లో కంటికి కనిపించే మార్పు అప్పటికే ఉంది. తర్వాత అమెరికాలోనే లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే ఊళ్ళో చిన్నపిల్లల్ని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. వాళ్ళలో ప్రమాదాల వల్లో మరోలానో చనిపోయిన 204 మంది నాళాల్ని చూసి, 1998లో లెక్కలు బయటపెట్టారు. 26 నుంచి 39 ఏళ్ళ మధ్య వాళ్ళలో 69 శాతం మందికి గుండె నాళాల్లో గట్టిపడిన ఉబ్బులున్నాయి. బీపీ, కొలెస్ట్రాల్, బరువు, పొగ, వీటిలో ఎన్ని కలిస్తే నాళాల మీద అంత ఎక్కువ మేర పాడైంది. అంటే 29 ఏళ్ళ మనిషిలో ఇది ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు, ఎంత వేగంగా పెరుగుతోంది అన్నది ప్రశ్న.

మీలాంటి వాళ్ళ మీదే ఇటలీలోని నేపుల్స్ డాక్టర్లు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లికో తండ్రికో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన 40 మంది పిల్లల్ని, యువకుల్ని, అలాంటి చరిత్ర లేని 40 మందిని తీసుకున్నారు. సగటు వయసు 19. అందరూ పైకి ఆరోగ్యంగానే ఉన్నారు. చేతికి బీపీ పట్టీ బిగించి, కొన్ని నిమిషాలు రక్తం ఆపి, వదిలారు. రక్తం ఒక్కసారిగా వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న నాళం వెడల్పవుతుంది. ఆ వెడల్పుని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. గుండెపోటు ఇంట్లో లేనివాళ్ళకి నాళం దాదాపు 10 శాతం వెడల్పయితే, ఇంట్లో ఉన్నవాళ్ళకి 6 శాతం కూడా కాలేదు. మెడ దగ్గర నాళం గోడ కూడా వీళ్ళకే కాస్త మందంగా ఉంది. నాళం లోపలి పొర సాగే గుణం పోగొట్టుకోవడమే ఈ జబ్బులో అన్నిటికన్నా ముందు జరిగే మార్పు. అది ఆ పిల్లలకి టీనేజీలోనే మొదలైంది.

ఇది చదివి ఆ పరీక్ష ఎక్కడ చేస్తారా అని వెతకకండి. అది పరిశోధన కోసం చేసేది. గది చల్లదనం, తాగిన కాఫీ, కాల్చిన సిగరెట్, అన్నీ దాని అంకెని మార్చేస్తాయి. మెడ నాళం గోడ మందం కొలిచే స్కాన్ కూడా అంతే, చేసే మనిషిని బట్టి మారుతుంది. అందుకే దాన్ని అందరికీ మామూలుగా చేయొద్దని 2013లో అమెరికన్ మార్గదర్శకాలే చెప్పాయి. ప్యాకేజీల్లో దాన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు, అది వేరే కథ. మెడ నాళంలో స్పష్టంగా ఉబ్బు కనిపిస్తే మాత్రం పట్టించుకోవాల్సిందే.

మీకు అసలు ఉపయోగపడేవాటిలో మొదటిది మీ దగ్గర ఉండనే ఉంది. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెపోటు వస్తే దాన్ని మేం చిన్న వయసు జబ్బుగా లెక్కేస్తాం. నాన్నగారిది 46. ఈ ఒక్క సంగతి మిమ్మల్ని "మామూలు 29 ఏళ్ళ కుర్రాడు" అనే వరసలోంచి బయటకు తీసుకొస్తుంది. దీనికితోడు మన ప్రాంతం సంగతి ఒకటుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతా వాళ్ళకి దాదాపు 59. అయిదారేళ్ళు ముందే వస్తోంది మనకి.

ఇంట్లో కూర్చుని ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. నాన్నగారి పాత డిశ్చార్జి సమ్మరీ తీయండి. అప్పుడు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఎంత ఉంది? 190 పైన ఉంటే, వంశంలో పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే జబ్బు ఉందేమో అనుమానించాలి. 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది, అంత అరుదేం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఈ జబ్బులో కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టుకుని లోపలికి లాక్కోలేదు. ఆ లాక్కునే ఏర్పాటుని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లకి 1985లో నోబెల్ ఇచ్చారు.

దీనికి కంటికి కనిపించే గుర్తులుంటాయి, అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. మడమ వెనక పిక్క నుంచి కిందికి దిగే తాడులాంటిది, మన వాళ్ళు నరం అంటారు, అది లావుగా గడ్డలు కట్టినట్టు ఉండటం. చేతి వేళ్ళ కణుపుల మీద గట్టి గడ్డలు. కనుగుడ్డు నల్లటి భాగం చుట్టూ బూడిద రంగు ఉంగరం, ఇది తాతయ్యలకి మామూలే గానీ 45 లోపు కనిపిస్తే కొలెస్ట్రాల్ చూడాలి. కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు. ఈ మచ్చలు బాగోలేవని చర్మం డాక్టరు దగ్గరో పార్లర్‌లోనో తీయించుకుని, రక్తపరీక్ష మాత్రం చేయించుకోని వాళ్ళని నేనే నలుగురైదుగురిని చూశాను. వాళ్ళలో ఒకతను 36 ఏళ్ళకి క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్, స్టెంట్ చేసే గది) బల్ల మీద నాకు పరిచయమయ్యాడు. ఇవేవీ లేకపోతే జబ్బు లేనట్టు కాదు సుమా. చెవి తమ్మె మీద ఏటవాలుగా ముడత ఉంటే గుండెజబ్బు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1973లో ఫ్రాంక్ అనే డాక్టరు చెప్పిన మాటే అది, కానీ దాన్ని నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోలేం.

తర్వాత, మీ చెకప్‌లో లేదని ఖాయంగా అనుకుంటున్న పరీక్ష ఒకటి: లైపోప్రొటీన్-ఏ. ఎల్‌డీఎల్ రేణువుకే ఇంకో ప్రొటీన్ తోక తగిలించినట్టు ఉంటుంది. కొవ్వుని గోడలోకి చేరవేయడమే కాకుండా వాపునీ పెంచుతుంది. ఇది ఎంత ఉండాలో దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి, తిండి మానేస్తే తగ్గదు, పరిగెడితే తగ్గదు. అందుకే జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ, ప్రపంచంలో అయిదుగురిలో ఒకరికి అలా ఉంటుంది. ల్యాబ్‌లో అడిగేటప్పుడు జాగ్రత్త, అపోలైపోప్రొటీన్-ఏ1 అని వేరే పరీక్ష ఉంది, పేర్లు దగ్గరగా ఉండి ఒకదానికి ఒకటి చేసేస్తారు. నేరుగా దీన్ని తగ్గించడానికని మామూలుగా రాసిచ్చే మందు ఇంకా లేదు. అలాంటప్పుడు తెలుసుకుని ఏం లాభం అంటారు చాలామంది. ఇది ఎక్కువుందని తెలిస్తే ఎల్‌డీఎల్‌ని, బీపీని, పొగని మామూలు కన్నా గట్టిగా అదుపు చేస్తాం, మందు ముందే మొదలుపెట్టాలా అని ఆలోచిస్తాం.

నా సొంత సంగతి చెప్తాను, కాస్త సిగ్గుగానే. మా నాన్న 51కి పోయారు. పేషెంట్లందరికీ పరీక్షలు రాసే నేను, నా లైపోప్రొటీన్-ఏ మాత్రం 43 ఏళ్ళ వయసులో చూసుకున్నాను. 92 వచ్చింది. పదేళ్ళ ముందు చూసుకోవాల్సింది.

మిగతా అంకెలు మీకు తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను. మనవాళ్ళలో ఎక్కువగా కనిపించే తీరు ఏమిటంటే ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ ఉండదు, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ తక్కువ, కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం ముందుకి. కాబట్టి బరువు యంత్రం కన్నా టేపు నయం. బొడ్డు దగ్గర 90 సెంటీమీటర్లు దాటితే మగవాళ్ళకి ఎక్కువే. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 దాటితే షుగరు వైపు నడుస్తున్నట్టు. బీపీ మాత్రం ఇంట్లో మిషన్‌తో వారం రోజులు కూర్చుని చూసుకోండి. కుర్రాళ్ళకి బీపీ ఉండదనే నమ్మకంతో ఎవరూ పట్టీ కూడా కట్టరు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్ళు అంటే అదీ చెప్పండి. జిమ్‌లో ఎవరైనా కండ త్వరగా వస్తుందని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేతిలో పెడితే తీసుకోకండి. అవి హెచ్‌డీఎల్‌ని అమాంతం పడగొడతాయి, బీపీని పెంచుతాయి.

రెండు మూడు సిగరెట్లేగా అన్నట్టు రాశారు. 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కకట్టారు. రోజుకి ఒక్క సిగరెట్ కాల్చేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పు, ఇరవై కాల్చేవాడికి పెరిగే ముప్పులో దాదాపు సగం. ఇరవైలో ఒక వంతు అనుకుంటాం కదా, అలా కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్క వేరు, రక్తనాళం లెక్క వేరు. తగ్గించడం వల్ల మీకు వచ్చేది తక్కువ, పూర్తిగా మానేస్తేనే లాభం.

ఇప్పుడు ఎవరూ అడగని, నేను తప్పకుండా అడిగే సంగతి: అంగస్తంభన. ఆ భాగానికి రక్తం తెచ్చే నాళం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె నాళం మూడు నాలుగు. మెడ నాళం అయిదు నుంచి ఏడు. లోపలి పొర ఒంట్లో అంతటా ఒకేసారి పాడవుతుంటే సన్నటి నాళంలో ఇబ్బంది ముందు తెలియడం సహజమే. గుండెజబ్బు బయటపడ్డ చాలామందిలో ఈ సమస్య రెండు మూడేళ్ళ ముందే మొదలైంది. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని ఒక జిల్లాలో చేసిన అధ్యయనంలో ఈ సంబంధం నలభైల్లో ఉన్న మగవాళ్ళలో అన్నిటికన్నా బలంగా కనిపించింది, డెబ్బై దాటినవాళ్ళలో అంతగా లేదు.

మీ వయసులో ఈ సమస్యకి టెన్షన్, నిద్రలేమి, భార్యాభర్తల మధ్య గొడవలే ఎక్కువగా కారణం. తెల్లవారుజామున మామూలుగానే ఉండి, ఒక్కోసారి మాత్రమే ఇబ్బంది అయితే మనసుకి సంబంధించినదే కావచ్చు. కానీ నెలల తరబడి మెల్లగా తగ్గుతూ, పొద్దుటి పూట కూడా లేకపోతే, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉంటే, అది రక్తనాళం మాట్లాడటం కావచ్చు. మన ఊళ్ళలో ఏం జరుగుతుందంటే, రైల్వే గోడ మీద ప్రకటన చూసి లాడ్జిలో దిగిన వైద్యుడి దగ్గరికి వెళ్తాడు, లేదా మందుల షాపులో చెవిలో చెప్పి మాత్ర కొనుక్కుంటాడు. మాత్ర పనిచేస్తుంది, సమస్య తీరిందనుకుంటాడు. షుగరు, కొలెస్ట్రాల్ ఎవరూ చూడరు. ఇంకో ప్రమాదం: ఆ మాత్ర వేసుకున్న రోజు ఛాతీనొప్పి వచ్చి, ఆ సంగతి దాచి, నాలుక కింద సార్బిట్రేట్ (ఛాతీనొప్పికి ఇచ్చే మాత్ర) పెట్టుకుంటే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. క్యాజువాలిటీలో సిగ్గుపడొద్దు, చెప్పేయండి.

కాళ్ళ గురించి కూడా ఒక మాట. నడుస్తుంటే పాదం మధ్యలోనో పిక్కలోనో పట్టేసి, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోవడం, చలికి వేళ్ళు పాలిపోవడం, వేలి చివర మానని పుండు. ముప్పైల్లో ఉండి బీడీలు, సిగరెట్లు తాగేవాళ్ళలో ఇలా కనిపిస్తే అది కొలెస్ట్రాల్ జబ్బు కాకపోవచ్చు, బర్గర్ వ్యాధి అని ఒకటుంది. న్యూయార్క్ డాక్టరు లియో బర్గర్ 1908లో దాన్ని వర్ణించాడు. బీడీలు ఎక్కువగా తాగే మన దేశంలో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. మందు ఏదైనా, పొగాకు పూర్తిగా మానని వాడికి వేళ్ళు దక్కడం కష్టం. రాయి తగిలి పుండు పడిందనుకుని నెలల తరబడి పసుపు పెట్టుకుని వచ్చినవాళ్ళని చూశాను.

సీటీ స్కాన్‌తో గుండె నాళాల్లో కాల్షియం చూస్తారు కదా, అది చేయించుకోనా అని మీరు తప్పకుండా అడుగుతారు. మీ వయసులో కొత్త ఉబ్బు మెత్తగా ఉంటుంది, అందులో కాల్షియం చేరడానికి ఏళ్ళు పడుతుంది. కాల్షియం స్కోరు సున్నా వచ్చిందని ధీమాగా సిగరెట్ ముట్టించేవాళ్ళుంటారు, అదే నా భయం. పోనీ సున్నా కాకుండా వస్తే మాత్రం 29 ఏళ్ళకి అది చాలా పెద్ద వార్త. రంగు మందు ఎక్కించి చేసే సీటీ యాంజియో మెత్తటి ఉబ్బునీ చూపిస్తుంది గానీ, లక్షణాలు లేనివాళ్ళకి ఊరికే చేయం. మీ రక్తపరీక్షలు చూశాక మీ డాక్టరు నిర్ణయిస్తారు. 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయినప్పుడు బెంగళూరు గుండె ఆస్పత్రుల ముందు చెకప్‌ల కోసం జనం క్యూ కట్టారు. వచ్చినవాళ్ళకి ఈసీజీ, ఎకో తీసి పంపడం తేలికే. ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందని కూర్చోబెట్టి అడగడానికే టైము కావాలి.

ఏది కనిపిస్తే పరిగెత్తాలి అన్నదానికి ఇక జవాబు. ఇది తొలి గుర్తు కాదు, అయినా చెప్పాలి. ఛాతీ మధ్యలో నొక్కినట్టు, మంటగా, పట్టేసినట్టు, దవడకో భుజానికో వీపుకో పాకుతూ పది పదిహేను నిమిషాలకి తగ్గకపోతే, చెమటలు పడితే, అది గ్యాస్ అని మీరు తేల్చకండి. తెలుగువాళ్ళ ఇళ్ళలో గుండెపోటుకి మొదటి పేరు గ్యాసే. నా దగ్గరికి వచ్చిన 34 ఏళ్ళ కుర్రాడు రాత్రి తొమ్మిదికి నొప్పి మొదలైతే ఈనో తాగాడు, పదింటికి గ్యాస్ మాత్ర వేసుకున్నాడు, పన్నెండింటికి సోడా, తెల్లారి నాలుగింటికి ఆస్పత్రి. బతికాడు గానీ గుండె కండరంలో మూడో వంతు పోయింది. 108కి ఫోన్ చేయండి, బండి మీరే నడుపుకుంటూ వెళ్ళకండి. మొదటి ఈసీజీ నార్మల్ వచ్చినా నొప్పి ఉంటే వెనక్కి వచ్చేయకండి. కాసేపటికి మళ్ళీ ఈసీజీ తీయమనండి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ని కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడమనండి.

మీరైతే ఈ నెలలో లిపిడ్ ప్రొఫైల్, లైపోప్రొటీన్-ఏ, హెచ్‌బీఏ1సీ, కిడ్నీల కోసం క్రియాటినిన్ చేయించండి. వారం రోజుల బీపీ అంకెలు, నడుం కొలత ఒక కాగితం మీద రాసుకోండి. నాన్నగారి సమ్మరీతో కలిపి దగ్గర్లో ఉన్న ఫిజీషియన్‌కో గుండె డాక్టరుకో చూపించండి. ఎల్‌డీఎల్ ఎక్కువుండి ఆయన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టమంటే, "ఈ వయసులోనా, జీవితాంతమా" అని ఇంటికొచ్చి మానేయకండి, మీ అనుమానాలన్నీ అక్కడే అడగండి. మీ అంతట మీరు ఆస్పిరిన్ మాత్రం మొదలుపెట్టకండి, జబ్బు తేలనివాళ్ళలో అది కడుపులో రక్తస్రావం తెచ్చే ముప్పే ఎక్కువ. తమ్ముడికి 25 అన్నారు. వాడిని కూడా ఇవే పరీక్షలు బెంగళూరులోనే చేయించుకోమనండి, మీ రిపోర్టులు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.